బుడగలమ్మ

ప్రయోగశాలలో అందరూ ఆమెను బుడగలమ్మ అంటారు. పొద్దున రాగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మాంసం కొట్టు నుంచి తెచ్చిన ఊపిరితిత్తికి సన్నని గాటు పెడుతుంది. గాలంతా పిండేసి, తాము తయారుచేస్తున్న జిగురు పూసి, నీళ్లతొట్టిలో ముంచి గాలి కొడుతుంది. అప్పుడు తనూ ఊపిరి బిగబడుతుంది. బుడగ వచ్చిందంటే జిగురు ఓడినట్టే. ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర అలాగే గాలి కారి, ఆమె పెదనాన్న పదకొండు రోజులు ఛాతీలో గొట్టంతో పడుకున్నాడు. నెలల తరబడి చూస్తోంది. తిత్తి ఉబ్బగానే జిగురు అంచు లేచిపోతోంది. "పేరుకి జిగురువి, పనికి జారుడుబండవి!" అని దాన్నే తిడుతుంది.

నిన్న పొరపాటున గాలి పిండకుండానే, సగం ఉబ్బిన తిత్తి మీద పూసేసింది. నాలుక కరుచుకుంది. అయినా పారెయ్యబుద్ధి కాక ముంచింది. తిత్తి ఉబ్బింది, తగ్గింది, మళ్లీ నిండుగా ఉబ్బింది. అంచు లేవలేదు. ఒక్క బుడగా రాలేదు. ఇన్నాళ్లూ ముడుచుకున్న తిత్తి మీద పూయడమే తప్పన్నమాట! ఆమె ఇంకా ఊపిరి బిగబట్టే చూస్తోంది. పక్కబల్ల దగ్గరి ముసలి డాక్టరు వంగి తొట్టిలోకి చూశాడు.

"అది శుభ్రంగా ఊపిరి తీసుకుంటోంది తల్లీ," అన్నాడు, "ఇక నువ్వు కూడా తీసుకో."