చెంబెడు నీళ్లు, చల్లలా మారిన నూనె

మా బిడ్డ లత గెలిచింది... మా పాత కారు ఇంజిన్ బతికింది. ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. అందుకే ముందు మీకే చెబుతున్నాను.

మా చిన్నప్పుడు పొలంలో బావి దగ్గర ఒక ఆయిల్ ఇంజిన్ ఉండేది. బాపుకు, అంటే మా నాన్నకు, ఆయన అన్న పెద్దబాపుకు కలిపి అదొక్కటే. పొద్దున్నే దాని హ్యాండిల్ తిప్పే పని పెద్దబాపు కొడుకు నర్సన్నది. నాకంటే రెండేళ్లే పెద్ద. నాకేమో ఇంట్లో మా అవ్వ, అంటే అమ్మ ముందు కూర్చుని కవ్వం తాడు లాగే పని...

ఆయన తిప్పితే కాలువలో నీళ్లు పారేవి, దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవారు. నేను తిప్పితే వెన్న వచ్చేది. దాన్ని ఎవరు చూస్తారు...

"ఇంజిన్ వాని మాటే ఇంటది" అనేవాడు పెద్దబాపు, వచ్చినవాళ్లందరితో. ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపు మండిపోయేది. దాచుకోవడం ఎందుకు... కుళ్లు, అచ్చమైన కుళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు, అవ్వ చల్ల చెంబు పట్టుకుని పొలానికి పోయాను. ఇంజిన్‌లో నూనె పోసే మూత విప్పి చెంబెడు నీళ్లు పోశాను. ఇంజిన్ మొరాయించాలి, నర్సన్న పరువు పోవాలి... అంతే నా ఆలోచన. ఆ సాయంత్రం అవ్వ చెంబు కోసం ఇల్లంతా వెతికింది. తెల్లారి చూస్తే అది గూట్లోనే ఉంది.

ఆ పొద్దున ఇంజిన్ చప్పుడు మారింది. నర్సన్న ఆపేసి, నూనె కొలిచే పుల్ల బయటికి తీశాడు. నల్లగా ఉండాల్సిన నూనె చల్లలా తెల్లబడి, నురుగు కట్టి ఉంది. వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఒక్కసారి నా వైపు కూడా చూశాడు.

"నూనెల నీళ్లు కలిసినయి బాపూ. నీళ్లను ఆపే గాస్కెట్ కారినట్టుంది."

"రోజు సూస్కోమంటే సూస్కుంటలెవ్వు" అని పెద్దబాపు చేతిలో ఉన్న తాడుతో నాలుగు తగిలించాడు. నర్సన్న వంగి కింది మర విప్పాడు. నూనెంతా దించి కొత్తది పోశాడు. ఇంజిన్ మళ్లీ మొదలైంది... నా కుళ్లు కూడా.

పెద్దయ్యాక ఆయన సిద్దిపేటలో మెకానిక్ షెడ్డు పెట్టాడు. నాది చిన్న కిరాణా దుకాణం. చుట్టాల్లో ఎవరి బండి ఆగినా ఆయన పేరే. నా పెళ్లిలో జీపు ఆగిపోతే, పెళ్లికొడుకును ఎండలో వదిలేసి అందరూ ఆయన చుట్టూ మూగారు. అది కూడా నేను మరిచిపోలేదు.

ఇక మా కారు... ఇరవై ఏళ్ల బండి. రెండు నెలలుగా రేడియేటర్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతూనే ఉంది, కింద మాత్రం చుక్క పడదు. నర్సన్న దగ్గరికే తీసుకుపోయాను, ఇంకెక్కడికి పోతాను... ఆయన నూనె మూత విప్పాడు. మూత లోపల పాలెక్కువైన చాయ్ రంగులో మీగడ. ఆ మీగడ నాకు కొత్త కాదు.

"ఇంజిన్ బ్లాకే వగిలింది తమ్మీ. దీనికి పెట్టుడు దండుగ. తుక్కుకు ఇచ్చెయ్" అన్నాడు.

మా బిడ్డ లత ఐటీఐలో మోటారు మెకానిక్ పని నేర్చుకుంది. ఇక్కడే ఒక షెడ్డులో పనిచేస్తోంది. ఇంటికొచ్చిన కారును స్టార్ట్ చేయించి, వెనక నిలబడి చూసి, ముందుకొచ్చి చూసింది.

"పొగ తెల్లగ వస్తలేదు బాపూ. రేడియేటర్ల బుడగలు గూడ లెవ్వు. బ్లాక్ వగిలితే గిట్లుండది."

"మీ పెదనాయిన కంటే నీకెక్కువ ఎరుకనా?" అన్నాను. ఎరుకుంటే ఎంత బాగుండునని లోపల మొక్కుకుంటూనే...

"నూనెను సల్లవరిచే డబ్బొకటి ఉంటది. దాంట్ల ఒక దిక్కు నూనె, ఒక దిక్కు కూలెంట్ పోతయి. నడుమ చిల్లువడ్డదేమో సూస్త. పెదనాయినను గూడ పిలువు, ఆయన ముందట్నే సూద్దాం."

నర్సన్న వచ్చాడు. లత ఆ డబ్బాను విప్పి, నూనె వైపు రంధ్రాలు మూసి, నీళ్ల తొట్టిలో ముంచి, ఆ వైపు నుంచి గాలి కొట్టింది. సైకిల్ ట్యూబుకు పంచర్ చూసినట్టే. కూలెంట్ వైపు నుంచి ఒక బుడగ... ఇంకొకటి... తర్వాత వరసగా.

ఆ డబ్బా మార్చింది. నూనె పోసి, కాసేపు నడిపి, దించి, మళ్లీ పోసింది. ఈ రోజుకు నాలుగో రోజు... కూలెంట్ గీత దిగలేదు, నూనె శుభ్రంగా ఉంది.

బుడగలు లేచిన ఆ క్షణంలో నేను తొట్టి వైపు చూడలేదు, నర్సన్న ముఖం వైపు చూశాను. అరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్న ముఖం. అది చిన్నబోతుందనుకున్నాను... ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. "నేను తప్పు జెప్పిన బిడ్డా. నీ చెయ్యే చెయ్యి" అని లత తల నిమిరాడు. నా సంతోషంలో కూడా పెద్ద వాటా ఆయనే పట్టుకుపోయాడు.

పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగాడు.

"ఈపాలైతే నువ్వు నీళ్లు పొయ్యలేదు గద తమ్మీ?"

"నీకు ఎరుకేనా అన్నా?"

"ఆ దినం చల్ల చెంబు బాయికాడనే మర్శివోతివి. నేనే తెచ్చి మీ గూట్ల వెట్టిన."

అన్నీ తెలిసి, ఆ దెబ్బలు నా బదులు తిని, ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నాడు... ఆ ఓపికను చూసినా నాకు కుళ్లే వస్తోంది, ఏం చేయను.

ఇప్పుడు కొత్త బండ్లు తమ జబ్బు తామే తెర మీద రాసి చూపిస్తాయట. అప్పుడు నూనెను వేళ్ల మధ్య రుద్ది, పక్కన నిలబడ్డవాడి గుట్టు కూడా కనిపెట్టేవాళ్లు... చెప్పకుండా ఊరుకునేవాళ్లు కూడా. మీరు చిన్నప్పుడు ఎవరిని చూసి కుళ్లుకున్నారో కింద రాయండి, నేనొక్కణ్ణే అయితే సిగ్గుగా ఉంది.

నేనింకా చాలామందికి చెప్పాలి... దుబ్బాకలో మా చెల్లెకు, బావకు. కొమురవెల్లి చిన్నమ్మకు. "ఆడివిల్లకు గీ పనేంది" అన్న మేనమామకు రెండుసార్లు. చెంబు కోసం ఇల్లంతా వెతికిన మా అవ్వకు, తొంభై దాటింది, చెవి దగ్గర గట్టిగా. చివరికి పెద్దబాపుకు... ఆయన ఇప్పుడు లేడు. నర్సన్న ఇంట్లో గోడ మీది ఫొటో ముందు నిలబడి చెప్పాలి, ఆ నాలుగు దెబ్బలు నావని.