పత్తి మిల్లు, పెద్దమనుషుల అలకలు

మా ఊళ్లో అన్నం లేని ఇల్లు ఉండేదేమో గానీ అభిప్రాయం లేని ఇల్లు మాత్రం లేదు. ఆ సంగతి నాకు పన్నెండేళ్లకే, చెరువు ఒడ్డున మూతబడ్డ పత్తి మిల్లు పుణ్యమా అని బాగా తెలిసొచ్చింది. ఇప్పటికీ ఎవరైనా నలుగురిలో కూర్చొని గొంతు సవరించుకొని "నా ఉద్దేశం ఏందంటే" అని మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది.

మాది పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే సడకు మీద బస్సు దిగి, లోపలికి మూడు మైళ్లు నడవాల్సిన ఊరు. హైదరాబాదు సేటు ఎవరో, బాయిలరుకు నీళ్లు దగ్గరవుతాయని మిల్లును చెరువు ఒడ్డునే కట్టించాడు. నష్టం రాగానే మిషన్లు లారీల్లో ఎక్కించుకొని పోయాడు. గోడలు, రేకుల కప్పు, మూడు పెద్ద హాళ్లు, ఒక పొగగొట్టం మిగిలాయి. జాగా పంచాయతీది కాబట్టి బిల్డింగూ పంచాయతీకే వచ్చింది. ఆరేళ్లు దాని మొహం చూసినవాడు లేడు. ఎండపూట బర్రెలు లోపల పడుకునేవి, అంతే.

డెబ్బైలు మొదలైన కాలంలో మా హెడ్మాస్టరు సారు సంగారెడ్డి నుంచి ఒక మాట మోసుకొచ్చాడు. మా బడి ఏడో తరగతితో ఆఖరు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇస్తారట. కాకపోతే ఊరు పక్కా బిల్డింగు చూపించాలి. పంచాయతీ మెంబర్లందరూ దస్కతులు పెట్టిన తీర్మానం మే నెల ఆఖరులోగా ఆఫీసులో పడాలి. నేను అప్పుడు ఏడో తరగతి పరీక్ష రాసి కూర్చున్నాను. మగపిల్లలు సైకిళ్ల మీద పటాన్‌చెరు పోయి చదివేవాళ్లు. ఆడపిల్లను సడకు దాకా ఎవరు పంపుతారు? మిల్లు బడి అయితే నేను ఎనిమిదికి పోతాను, కాకపోతే కలుపు తీయడానికి పోతాను. నాకు తెలిసింది అంతే.

చాటింపు వేయించారు. ఆదివారం మధ్యాహ్నం మిల్లు గోడ నీడలో ఊరంతా కూర్చుంది. ఊరంతా అంటే మగవాళ్లు. గోడకు అవతల నీళ్ల దగ్గర ఆడవాళ్లం బట్టలు ఉతుకుతున్నాం. నేను అమ్మ పక్కన లంగా జాడిస్తూ చెవులు మాత్రం గోడకే పెట్టాను.

సారు చెప్పడం అయిందో లేదో కిరాణం సేటు అందుకున్నాడు. "బడి మంచిదే సారూ, నేను కాదన్ననా? కానీ ఈడ గోదాము పెడితే జొన్నలు, కందులు ఊళ్లెనే అమ్ముకోవచ్చు. సంగారెడ్డి దాక బండ్లు కట్టుడెందుకు పరేషాన్?"

పెద్ద పటేలు తల అడ్డంగా ఊపాడు. "కంపెనీలొస్తున్నయంటున్నరు. రేపు ఏ కంపెనీవోడో కిరాయికి అడిగితే పిల్లలను ఏడికి దోలుతం?"

కంపెనీ ఇంకా రానే లేదు. వచ్చే కిరాయితో బాయి తవ్వించాలా, చావడికి సున్నం కొట్టించాలా అని అప్పుడే ఇద్దరు గొడవకు దిగారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈలోగా మిల్లులో ఒకప్పుడు బాయిలరు చూసుకున్న తాత కర్ర పట్టుకొని లేచాడు. "మిల్లు మల్ల నడుస్తది. సేటు నాతోని చెప్పే పోయిండు. బాయిలరు జాగల పిల్లలను కూసొబెడ్తరా?" చెప్పి పోయి ఆరేళ్లయిందన్న మాట ఎవరూ అనలేదు. ఇంకొకాయన, చెరువు పక్కన బడి పెడితే పిల్లలు మునిగిపోతారని భయపడ్డాడు. అదే పిల్లలు రోజూ బర్రెల తోకలు పట్టుకొని అదే చెరువులో ఈదేవాళ్లు. అప్పుడు మునగరు కాబోలు.

"మమ్ములనెవ్వలన్న అడిగిన్రా?" అంది మా అమ్మ, బట్టను బండకేసి గట్టిగా కొడుతూ. అవతలికి వినిపించేట్టే అంది. అవతల గొంతులు ఇంకా పెరిగాయి.

కిరాణం సేటు గోదాము మాట మళ్లీ ఎత్తగానే ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అంతటితో ఆ పూట మాట ఆగిపోయింది. మా ఊరి పద్ధతే అది. పదిమందిలో ఒకడు అలిగి లేచిపోతే మిగిలిన తొమ్మిదిమంది ఏ తీర్మానమూ చేయరు. చేతులెత్తి లెక్కపెట్టుకుంటే రేపు చావుకూ పెండ్లికీ ఎట్ల కలుస్తామంటారు. అలిగినవాడి ఇంటికి అతనికి సమానమైన మనిషి పోవాలి, చేయి పట్టుకొని తేవాలి. తెచ్చేదాకా ఆయన "నాకేం కోపం లేదు" అంటూనే ఉండాలి.

సేటు కోపం లేదని రెండు వారాలు అన్నాడు. ఆయన వచ్చిన రోజున పటేలు అలిగాడు, తనతో ఒక్క మాట చెప్పకుండా సేటును పిలవడానికి పోయారని. పటేలును బతిమాలి తెచ్చేసరికి బాయిలరు తాత తగులుకున్నాడు. "నేను అలిగి పది దినాలాయె. ఒక్కడన్న వచ్చిండా?" ఆయన అలిగిన సంగతే ఊళ్లో ఎవరికీ తెలియదు! పాపం సారు ఎండలో ఈ గడపా ఆ గడపా తిరిగి తిరిగి నల్లబడిపోయాడు.

ఇంత జరుగుతున్నా నాకు ఒకటే ధైర్యం. మా నాయిన మెంబరు, మొదటినుంచీ బడి పక్షమే. "నా లెక్క ఏలుముద్ర బతుకు నా బిడ్డకెందుకు?" అని ఆయనే నలుగురికీ చెప్పేవాడు.

గడువుకు ఒక్క రోజు ముందు, ఎట్లాగైతేనేం, అందరూ ఒప్పుకున్నారు. సేటుకు ఒక హాలు మూల వదిలారు. పటేలుకు, కంపెనీ వచ్చినప్పుడు చూద్దామని మాటిచ్చారు. తాతకు బడి గంట కొట్టే పని ఒప్పజెప్పారు. కాయితం రాయడం అయిపోయింది. మరునాడు పొద్దుటి బస్సుకు సారు పోవాలి. సర్పంచు సంతోషం పట్టలేక ఇంటినుంచి చాయ తెప్పించి, తన చేత్తోనే అందరికీ ఇచ్చాడు. మొదటి కప్పు మా చిన్నాయినకిచ్చాడు. చిన్నాయిన అంటే మా నాయినకు వరసకు తమ్ముడు, పాలివాడు, అంటే దాయాది. ఇద్దరికీ పొలం గట్టు దగ్గర పాత తగాదా. రెండో కప్పు మా నాయిన ముందుకు వచ్చింది.

నాయిన దాన్ని ముట్టుకోలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "చిన్నోడు తాగినంక పెద్దోడు తాగాల్నా? మనిషి లెక్క చూడనోళ్ల కాయితానికి నా ఏలుముద్ర ఎందుకు?" అని ఇంటికొచ్చి గోడకు మొహం పెట్టి మంచంలో పడుకున్నాడు. ఆయన లేకుండా దస్కతు పెట్టడానికి అక్కడ ఒక్కడూ ముందుకు రాలేదు.

సారు కాయితమూ సిరా డబ్బా పట్టుకొని మా ఇంటికే వచ్చాడు. "నాకేం కోపం లేదు సారూ. జెర కడుపు నొస్తున్నది," అన్నాడు నాయిన. "పాలోని మీది కోపం పిల్ల సదువు మీద తీస్తవా?" అని అమ్మ ఏడ్చింది. చిన్నాయిన వచ్చి పిలిస్తేనే లేస్తానన్నాడు నాయిన. నేను చిన్నాయిన ఇంటికి ఉరికాను. "నాదేం లేదు బిడ్డా, వస్త. కానీ మీ నాయిన రమ్మనాలె గద. పిలువని పేరంటానికి ఎట్ల వస్తరు?" అన్నాడు. మళ్లీ ఇంటికి ఉరికాను. మళ్లీ అటు. దీపాలు పెట్టేవేళ దాకా మూడుసార్లు తిరిగాను. నా మాట ఇటూ ఎక్కలేదు, అటూ ఎక్కలేదు. పన్నెండేళ్ల ఆడపిల్ల చేయి పట్టి పిలిస్తే అలక తీరిందని ఏ పద్ధతిలో ఉంది?

సారు దస్కతులు లేని కాయితమే తీసుకొని పోయాడు. ఆఫీసువాళ్లు దాన్ని తిప్పి పంపారు. క్లాసులు సడకు మీది ఇంకో ఊరికి పోయాయి.

బడులు తెరిచే ముందు ఏడో తరగతి రిజల్టు వచ్చింది. మా బడికి నేనే ఫస్టు. నాయిన సేటు కొట్లో చక్కెర పొట్లం కట్టించుకొని వాడకట్టంతా పంచుకుంటూ వచ్చాడు. చిన్నాయిన ఇంట్లో కూడా పెట్టి వచ్చాడు! అప్పటికి ఇద్దరూ కలిసిపోయారు. ఎవరు ఎవరిని పిలిచారో నాకు తెలియదు, నేనూ అడగలేదు. నాయిన నా నోట్లో చక్కెర పెట్టబోతే చేయి తోసేశాను.

"ఆనాడు నువ్వు ఆ రెండో కప్పు తాగుంటే నేను ఎనిమిదికి పోతుంటి గద నాయినా."

అరుగు మీద కూర్చున్నవాళ్లందరూ విన్నారు. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నాయిన వంగి కిందపడ్డ చక్కెరను పొట్లంలోకి ఎత్తాడు. "మల్లొస్తది బిడ్డా బడి. ఏడికి పోతది?" అన్నాడు.

వచ్చింది, నిజమే. అదే మిల్లులో, అవే హాళ్లలో. అప్పటికి నేను అత్తగారింట్లో ఇద్దరు పిల్లల తల్లిని. ఈసారి తీర్మానం మీద మొదటి వేలిముద్ర మా నాయినదేనని, చాయ రాకముందే వేసి కూర్చున్నాడని అమ్మ కబురు పంపింది.