పూజ అయిపోయిన కారు

స్టీలు ప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. గాజువాకలో ఓ పాత అంబాసిడర్‌కి అడ్వాన్సు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. బండి తెచ్చుకుందామని అమ్మతో వెళితే డీలరు అడ్డం తిరిగాడు.

"ఇంకొకాయన ఎక్కువిత్తానన్నాడు బావ. నీ అడ్వాన్సు నువ్వట్టుకెళిపో."

"రసీదుంది. కోర్టుకీడుస్తాను."

"ఈడుసుకో బావ, నానేటి పారిపోతన్నానా."

తల తిప్పి చూస్తే, ఈ గొడవేదీ పట్టని అమ్మ కారుకి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో ఆ ఇంకొకాయన వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "వేరేవోల పేరున పూజయిపోయిన బండి నాకేటికి" అని వెళ్లిపోయాడు.

డీలరు తాళాలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

ఇప్పటికీ ఏది కొనడానికి వెళ్లినా నా జేబులో రసీదు, అమ్మ సంచిలో నిమ్మకాయలు ఉంటాయి. నమ్మకం మాత్రం నిమ్మకాయల మీదే.