దీవెన చెప్పిన సాక్ష్యం

గుంటూరు బ్రాడీపేటలో మేముండే అపార్ట్‌మెంటులో కింద వాటావాళ్లు ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ఎండుమిరపకాయలు దోరగా వేయిస్తారు. ఆ ఘాటు లిఫ్టుతో పనిలేకుండా మెట్లెక్కి మా అంతస్తుకి వచ్చేస్తుంది. ఇక అందరూ ఖళ్లుఖళ్లుమని దగ్గుకుంటూ తలుపులేసుకోవడం, ఫ్యాన్లు పెంచుకోవడం, ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకోవడం. నాకు నవ్వు రాదు. ఎవరి దగ్గు ఎలా ఉందో విడివిడిగా వింటూ నిలబడిపోతాను. అందరి దగ్గూ ఆగిపోయాక కూడా ఇంకొకటి వినిపిస్తుందేమోనని కాసేపు అక్కడే ఉంటాను.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. క్రిస్మస్‌కి వండిన అరిసెలు డబ్బా అడుగుకి చేరి గట్టిపడే వేళకి మిరపకోతలు మొదలయ్యేవి. ఊరి చుట్టూ కల్లాల్లో పండుకాయ ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఆరుతుండేది. పొద్దున మంచుకి మెత్తబడి, మధ్యాహ్నం ఎండకి గలగలమని, సాయంత్రానికి ఊరంతటినీ ఘాటుతో నింపేసేది. అమ్మా నాయనమ్మా తలకి గుడ్డ చుట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే నేనూ చెల్లెలు దీవెనా పక్కనే తొక్కుడుబిళ్ల గీసుకుని ఆడేవాళ్లం. ఆట మధ్యలో మర్చిపోయి కళ్లు నులుముకుంటే ఇక చూడండి, ఆకాశం అదిరేలా ఏడుపు. నాయనమ్మ మజ్జిగతో చేతులు కడిగి, కొంగుతో ముక్కు తుడిచి, మళ్లీ ఆటలోకి తోసేది. ఆ నెలల్లో మా పేటలో కళ్లు ఎర్రబడని మనిషి లేడు, దగ్గని మనిషి లేడు. దగ్గు మాకు జబ్బు కాదు, పనిలో భాగం.

మా ఇంట్లో నాయనమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఇంకా రాని మేలుకి ముందుగానే స్తోత్రం చెప్పాలి. నాన్నకి జిన్నింగు మిల్లులో పని దొరకని రోజున "మా అబ్బాయికి పనిచ్చావు తండ్రీ, స్తోత్రం" అనేది. తడిసిన పత్తికట్టె రాజుకోక ఇల్లంతా పొగ కమ్మినా "వంట అయినందుకు స్తోత్రం" అని కళ్లు మూసుకునేది. "ముందు పొయ్యి ఊదత్తా, తర్వాత చెబుదువుగాని" అని అమ్మ గొణిగేది. అనుమానం మాట, నొప్పి మాట, భయం మాట నోట్లోంచి రాకూడదు. ఒక్కరు అన్నా ఇంటిల్లిపాది ప్రార్థనా పాడైపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. నేను ఆవిణ్ణి వెక్కిరించడం లేదు. ఆ పద్ధతి పెట్టకముందు ఆ ఇల్లు ఏడుపులతో, తిట్లతో ఉండేదట. నాకు తెలిసిన ఇంట్లో మాత్రం వట్టి గంజి తాగిన రోజు కూడా పిల్లలం భయం లేకుండా నిద్రపోయాం. అది ఆవిడ చలవే.

దీవెనకి అప్పుడు ఏడేళ్లు. ముందు పళ్లు ఊడి, నవ్వితే చిన్న కిటికీ తెరిచినట్టుండేది. ఆ ఏడు కోతల్లో దానికి జ్వరమొచ్చింది. నాయనమ్మ నుదుటికి నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి, "తగ్గించావు తండ్రీ" అంటూ ప్రార్థన చేసింది. తెల్లారేసరికి నిజంగానే ఒళ్లు చల్లబడింది. ఆదివారం గుళ్లో, దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ లేచి సాక్ష్యంగా చెప్పే వేళ నాయనమ్మ దాన్ని ముందుకి తీసుకెళ్లి నిలబెట్టింది. ఉతికిన గౌనులో, నూనె కారుతున్న జడలతో అది చేతులు కట్టుకుని గొంతెత్తింది.

"నాకు జొరమొచ్చింది. యేసయ్య తగ్గించాడు. ఇంక నాకు ఏ నొప్పీ లేదు. స్తోత్రం."

గుడంతా ఆమెన్ అంది. ఆడవాళ్లు దాని బుగ్గలు పట్టుకుని మెటికలు విరిచారు. అది ఇంటిదాకా నడవలేదు, గంతులేసింది.

తర్వాత కొన్నాళ్లకి జ్వరం మళ్లీ వచ్చింది. మాకెవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి, అందరివీ ఎర్రగానే ఉన్నాయి. అది దగ్గుతోంది, కల్లమంతా దగ్గుతోంది. ఆట మానేసి మిరపరాశి వెనక నీడలో కూర్చుంటే కాళ్లు నొప్పులేమో అనుకున్నాం.

"ఏమ్మా, ఒళ్లు కాలతా ఉందేంది?" అని అమ్మ అడిగితే "ఎండమ్మా" అంది.

"ఎట్టుందే బంగారం?" అని నాయనమ్మ అడిగితే "బాగుంది నాయనమ్మా, స్తోత్రం" అంది. ఆ మాటకి నాయనమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు కోసం కూడా అన్నదేమో, పిచ్చిది.

ఒక సాయంత్రం నీళ్లు పోయబోతూ అమ్మ దాని డొక్కలు ఎగిరెగిరి పడుతుండడం చూసింది. ఎవరితోనూ చెప్పకుండా, చీర కూడా మార్చుకోకుండా దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కింది. సంచి పట్టుకుని నేనూ వెళ్లాను. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు వంగి, "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు.

"ఎక్కడా లేదండి. స్తోత్రం" అంది దీవెన, మాటకీ మాటకీ మధ్య ఎగరొప్పుతూ.

అమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "చెప్పమ్మా, నొప్పిగా ఉందని చెప్పు. దేవుడేం అనుకోడు."

అది నాయనమ్మ ఎక్కడైనా ఉందేమోనని గుమ్మం వైపు చూసింది. తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడమ్మా. చానా రోజుల్నించి."

"మరి చెప్పలేదేమే?"

"గుళ్లో తగ్గిందని చెప్పాగా."

రెండు వైపులా నిమ్ము చేరిందనీ, ఇంకాస్త ముందు తేవాల్సిందనీ డాక్టరు అన్నాడు. దీవెన దక్కలేదు.

మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ నాయనమ్మ ఎప్పట్లాగే లేచింది. "నొప్పి అని చెప్పుకున్నా ఆయన వినేవాడే. బిడ్డకి నేనే ఆ మాట చెప్పలా" అని కూర్చుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ అక్కడ లేవలేదు.

ప్రార్థన మాత్రం మానలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు మా ఇంట్లో ముందు ఎవరికి ఏం బాధో వాళ్లు పైకి చెప్పాలి. నాన్న నడుం నొప్పి అనేవాడు. నాకు చీకటంటే భయమని నేను చెప్పేదాన్ని. ఒకరోజు అమ్మ, "నీ మీద కోపంగా ఉందత్తా. తగ్గట్లా" అంది. నాయనమ్మ కళ్లు తెరవకుండానే, "అదీ చెప్పు తండ్రికి. నేను ఇక్కడే ఉంటా" అంది. అలా ఎన్నేళ్లు చెప్పిందో అమ్మ. ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద చివరిదాకా ఒకరికొకరు అన్నం పెట్టుకుని బతికారంటే ఆ మాటల వల్లే.

ఇప్పుడు నాయనమ్మ లేదు, అమ్మ లేదు. మా కల్లాల చోట కోల్డు స్టోరేజీ గోడలు లేచాయి. గుడికి టైల్సు వేశారు, సాక్ష్యాలు మైకులో చెబుతున్నారు. నా ఫోనులో రోజూ ఎవరో ఒకరు 'నాకు ఏ బాధా లేదు, నేను ఆనందంగా ఉన్నాను అని అద్దం ముందు చెప్పుకోండి' అని పంపుతుంటారు. మంచికే పంపుతారు. నేను మాత్రం నా పిల్లలు బాగున్నాం అంటే చాలు, ఒళ్లు పట్టి చూడకుండా వదలను.

ఊరెళ్లినప్పుడు మా పేట పెద్దవాళ్లు నా చెయ్యి పట్టుకుని ఇప్పటికీ అదే మాట అంటారు. "మీ చెల్లెలిది ఎంత విశ్వాసమమ్మా! ప్రాణం పోతా ఉన్నా నొప్పి అన్లా." అరవాలనిపిస్తుంది. అయినా "అవునండీ" అంటాను. ఆ ఊళ్లో దీవెన పేరు ఇంకా ఎవరి నోటనైనా వినబడుతోందంటే ఆ ఒక్క మెచ్చుకోలు వల్లే.