డేరాలో చూసిన బొమ్మ

మూకీల రోజుల్లో పనిమీద నంద్యాల వెళ్లి, సాయంత్రం డేరాలో బొమ్మ చూశాను. దివాలా తీసిన బట్టల వ్యాపారి కథ అది. తెర పక్కన ఒకాయన నిలబడి తెలుగులో కథ చెబుతున్నాడు. వ్యాపారి అంగడికి తాళం వేసి, పెళ్లాంబిడ్డలతో వీధిలోకి నడిచేసరికి డేరా అంతా ఏడ్చింది. నా పక్కనున్న పెద్దాయన మాత్రం కదలకుండా చూస్తున్నాడు.

“మీకు బాధ కలగలేదా?” అన్నాను.

“వానల్లేక బేరాలు పోయి, పోయిన నెలలో నా నూనె అంగడి మూసేస్తినప్పా. తాళం వేస్తాంటే వీళ్లంతా నిలబడి చూసినోళ్లే. ఒక్కరి కంట్లో నీళ్లు రాల్యా. ఈడ బొమ్మ కోసం ఏడుస్తాండారు” అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. దీపాలు వెలిగాయి. జనం కళ్లు తుడుచుకుంటూ మా ముందునుంచే వెళ్లారు. ఆయనను ఒక్కరూ పలకరించలేదు.