సెక్షనుగారు లాయరాఫీసు పని నేర్చుకున్న వైనం

నోరు తెరిస్తే చట్టంలో ఏదో ఒక సెక్షను వల్లిస్తాడని వీధిలో అందరూ అతన్ని సెక్షనుగారు అంటారు. ఆ పేరు గౌరవంతో పెట్టింది కాదు. ఆ సంగతి తెలియనిది అతనొక్కడికే.

నలభై దగ్గరపడేదాకా ఏ పనిలోనూ కాలు నిలవలేదు. చెప్పుల కొట్టులో చేరి, కొనడానికి వచ్చినవాళ్ల పాదాలకు వంకలు పెట్టి తరిమేశాడు. బస్సు టికెట్లమ్మే ఆఫీసులో కూర్చుని, ఊరెళ్లాల్సిన వాళ్లతో అసలు ఎందుకు వెళ్తున్నారని వాదించాడు. ఆఖరికి లాయర్లకు సహాయకులుగా పనిచేసేవాళ్ల కోసం ఒక శిక్షణ ఉందని, దానికి లా చదవక్కర్లేదని ఎవరో చెప్పగానే ఎగిరి గంతేశాడు. చదవకుండానే లాయరులా కనబడొచ్చు! ఆ మహానుభావుడికి అంతకంటే ఏం కావాలి?

అక్కడ అర్జీలు టైపు చేయడం, కేసు కాగితాలు వరసగా పేర్చడం, కేసుతో వచ్చినవాళ్ల దగ్గర వివరాలు రాబట్టడం నేర్పారు. ఆ వివరాలు గుమ్మం దాటకూడదని కూడా చెప్పారు. అది చెప్పేటప్పుడు ఇతగాడు పక్కవాడికి పాఠం చెబుతున్నాడు.

ఇంట్లో మాత్రం ఎవరినైనా బతకనిచ్చాడా? కూతురి చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, "ఇది నిర్లక్ష్యమా, ఉద్దేశపూర్వకమా?" అని విచారణ మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని నాకు కట్టబెట్టడం మావాళ్ల నిర్లక్ష్యం. అది రాసుకుని, ముందా గాజుముక్కలు ఎత్తండి" అంది భార్య.

శిక్షణలో ఆఖరి మెట్టు ఒక లాయరమ్మ ఆఫీసులో పని. ఆవిడ మెచ్చితే అక్కడే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ రోడ్డు. ఆ మాట ఆవిడ మొదటిరోజే మొహం మీద చెప్పింది. సెక్షనుగారు ఆ ఉద్యోగం అప్పుడే వచ్చేసినట్టు తలూపాడు. ఆఫీసు పేరున్న సంచీ ఒకటి భుజానికి తగిలించుకుని, కూరగాయల కొట్టుకు కూడా దాంతోనే వెళ్లేవాడు.

అప్పుడు ఆ ఆఫీసులో నడుస్తున్నది ఒక దర్జీ ఆవిడ కేసు. కొట్టు ఖాళీ చేయలేదని దాని సొంతదారు తాళం పగలగొట్టించి, ఆవిడ కుట్టుమిషన్లు వీధిలో పడేయించాడు.

కోర్టు వరండాలో ఇరుపక్షాలకూ ఒకటే బెంచీ. తెలివైనవాళ్లు దానిమీద కూర్చుంటే ఎండ గురించి కూడా నోరు విప్పరు. సెక్షనుగారు సంచీ ఒళ్లో పెట్టుకుని, పేరు అందరికీ కనబడేలా తిప్పుకుని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దావిడ అటే చూసింది.

"లాయరుగారా బాబూ?"

"దాదాపు అంతేనండీ. పనంతా మేమే చేస్తాం, వాళ్లు వెళ్లి మాట్లాడతారు."

"అబ్బో! ఆ దర్జీ ఆవిడ కేసు మీదేనటగా. పాపం, చూసినవాళ్లెవరూ లేరంటున్నారే?"

సెక్షనుగారు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది ఎవరికైనా.

"పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన అంతా చూశాడండీ. ఆ కొట్టూ ఆ సొంతదారుదే కాబట్టి జంకుతుంటే, మా మేడమ్ నచ్చజెప్పి ఒప్పించారు. బోనెక్కేదాకా ఆయన పేరు బయటపెట్టం. ఇదంతా ఎత్తుగడ. మీకు అర్థం కాదులెండి."

"నాకేం అర్థమవుతుంది బాబూ" అంటూ ఆవిడ చెప్పులేసుకుని లేచింది. ఆవిడ ఆ సొంతదారుకు సాక్షాత్తూ వదినగారు.

మర్నాడే గడియారాలాయన లాయరమ్మ ముందు చేతులు జోడించాడు.

"నన్నొదిలెయ్యండమ్మా. నోరెత్తితే నా కొట్టూ ఖాళీ చేయిస్తానన్నాడు. నేనేం చూడలేదు."

"మీ సంగతి అతనికెవరు చెప్పారు?"

"ఇదిగో, ఈయనే! వాళ్ల వదినగారికి పూసగుచ్చినట్టు చెప్పాడట."

దర్జీ ఆవిడ అక్కడే ఉంది. "వాడు నా మిషన్లే వీధిలో పడేశాడు. నువ్వు నన్నే పడేశావు కదయ్యా" అంది.

సిగ్గున్నవాడైతే తల దించుకునేవాడు. సెక్షనుగారు గొంతు సవరించుకున్నాడు.

"తాను ప్రతిపక్షమని ఆవిడ వెల్లడించలేదు మేడమ్. అది మోసం కిందికి వస్తుంది."

"ఆఫీసు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లండి. రేపట్నుంచి రావద్దు."

"అలా నోటిమాటతో తీసెయ్యడానికి లేదండీ. కారణం చూపుతూ రాతపూర్వకంగా ఇవ్వాలి."

లాయరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మీరే టైపు చేసి పట్రండి. సంతకం పెడతాను."

ఇంకొకడైతే ఆ మాటకు చచ్చినంత పనయ్యేది. ఇతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పైన తేదీ, కింద విషయం, కుడి ఎడమల కాస్త ఖాళీ. కారణం దగ్గర ఒక్కక్షణం ఆగి, "కక్షిదారు రహస్యమును ప్రతిపక్షమునకు వెల్లడి చేసినందున" అని కొట్టాడు. తనకొక ప్రతి, ఆఫీసుకొక ప్రతి తీసి, ఆఫీసు ప్రతికి చిల్లులు పొడిచి ఫైల్లో వరస తప్పకుండా చేర్చాడు. తనది తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఒక్క తప్పైనా ఉందాండీ?" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

"లేదు" అని సంతకం పెట్టింది లాయరమ్మ. "వెళ్తూ తలుపు వెయ్యండి."