రక్తం గట్టిపడేదాకా

ఏలూరు బైపాస్ మీద కొల్లేరు చేపల లారీ పక్కనుంచి వెళ్తే ఐసు నీళ్ల నీచువాసన కారులోకి కొడుతుంది. అద్దం ఎత్తబోయి ఆగిపోతాను. ఫాతిమా మేడమ్ గుర్తొస్తారు, ఆవిడతో పాటు కొల్లేరు లంకలో చేపలు పట్టే సుబ్బారావు గారూ గుర్తొస్తారు.

గుండె ఆపరేషన్లలో మత్తు ఇవ్వడం నాకు నేర్పింది మేడమే. ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టారు. ఎంత తొందరలోనైనా ఆవిడ గొంతు పెరగడం నేను వినలేదు. సుబ్బారావు గారు మా ఆసుపత్రికి వచ్చింది రెండోసారి గుండె కవాటం మార్పించుకోవడానికి. రక్తం బాగా పోతుందని మాకు ముందే భయం. రక్తం పోకుండా ఇచ్చే మందు ఏం చేస్తుందని ఆయన భార్య మంగమ్మ గారు అడిగితే, మేడమ్ వెళ్లి ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చున్నారు.

"గాయం దగ్గర రక్తం ఆగడానికి మన ఒళ్లు వల అల్లుతుందండీ. తర్వాత దాన్ని తనే తెంచేస్తుంది. గుండెను ఆపి, దాని పని చేసే మిషను మీద పెడితే ఆ తెంచడం మరీ ఎక్కువవుతుంది. ఈ మందు దాన్ని ఆపుతుంది."

"అయితే ఈ మందు కొత్త వల అల్లదాండీ?"

"అల్లదమ్మా. అది ఒంటి పనే."

మర్నాడు కవాటం మార్చారు. మిషను తప్పించాం, దాని కోసం ఇచ్చిన, రక్తాన్ని పలచబరిచే మందుకు విరుగుడు ఇచ్చాం. అయినా కుట్లన్నిటి దగ్గరా రక్తం ఊరుతూనే ఉంది. "రక్తం పోకుండా ఇచ్చే ఆ మందు ఇంకాస్త ఇవ్వండి మేడమ్," అన్నారు సర్జన్ గారు తలెత్తకుండానే.

"ఇవ్వాల్సింది ఇచ్చామండీ. ఎక్కువైతే ఫిట్సు రావచ్చు. ఏది తక్కువైందో ఒక్కసారి చూడనివ్వండి."

రక్తం గడ్డకట్టే తీరును బొమ్మగా గీసే మిషనులో కాస్త రక్తం వేశారు. ఆ కాసేపూ సర్జన్ గారు గుడ్డతో నొక్కిపట్టారు, మేము రక్తం ఎక్కిస్తూ నిలబడ్డాం. గడ్డ గట్టిపడుతుంటే బొమ్మ లావెక్కాలి, అది సన్నగానే సాగింది. "చూడండి, వల తెగడం లేదు. అల్లడానికి దారమే లేదు," అన్నారు మేడమ్. ఆ దారమయ్యే ప్రొటీను ఉన్న సంచులు బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పించి ఎక్కించారు.

సర్జన్ గారు గుడ్డను మెల్లగా ఎత్తారు. నీళ్లలా పారిన రక్తం కుట్టు పక్కన జిగురెక్కి, నిలిచి, నా కళ్లముందే ముదురురంగు తిరిగింది. దాని కింద గుండె కొట్టుకుంటూనే ఉంది.

"ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుందండీ," అన్నారు మేడమ్.

సుబ్బారావు గారు కోలుకుని మళ్లీ పడవ ఎక్కారు. మేడమ్ రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. ఇప్పుడు ఆ థియేటర్లో ఆవిడ చోట నేను నిలబడుతున్నాను. రక్తం ఆగనప్పుడు భయం నాకు ఇవాళ్టికీ పోలేదు. కాకపోతే ఆ భయంలో కాస్త భక్తి కలిసింది. అది ఆవిడ పెట్టిందే.